తుపాకీ కొనుగోలు: ముందే అనుకుని కొన్నారా, కౌంటర్ దగ్గర మనసుపడి కొన్నారా?

మానేరు_తీరం | ఫ్రిస్కో, టెక్సస్

అందరికీ నమస్తే. ఈ ఏడాదే గ్రీన్‌కార్డు వచ్చింది. పోయిన నెల మా వెనక వీధిలో ఒక తెలుగువాళ్ల ఇంట్లో దొంగలు పడ్డారు. పెళ్లికని లాకర్ నుంచి తెచ్చిపెట్టుకున్న బంగారం మొత్తం పోయింది. ఆ టైంలో ఇంట్లో ఎవరూ లేరు, అదొక్కటే నయం. అప్పట్నుంచి మా ఆవిడకు రాత్రిళ్లు సరిగ్గా నిద్ర లేదు. ఆఫీసులో తెలిసినవాళ్లేమో "ఇంకా ఆలోచిస్తున్నావా, వీకెండ్ సేల్ ఉంది, పోయి తెచ్చుకో" అంటున్నారు.

నిన్న షాపుకెళ్లా. కౌంటర్ మీద పిస్టల్ పెట్టి, రేటు తగ్గింది, ఈ ధర ఇవాళ్టికే అన్నాడు. మా దగ్గర వెయిటింగ్ పీరియడ్ లేదు. ఫారం నింపి, నేరచరిత్ర చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఓకే వస్తే అరగంటలో చేతిలో పెట్టి పంపిస్తారు. కొనకుండా వచ్చేశాను గానీ మనసు అక్కడే ఉంది. ఇంట్లో 9 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు ఉన్నారు.

ఏ మోడల్ కొనాలని అడగడం లేదు. ఇప్పటికే ఉన్నవాళ్లు చెప్పండి. నెలల తరబడి చూసుకుని కొన్నారా, షాపులో చూసి అప్పటికప్పుడు కొన్నారా? ఏది ఇప్పటికీ మీ దగ్గర ఉంది, ఏది అమ్మేశారు?

పెన్నా_ఒడ్డు | హ్యూస్టన్, టెక్సస్

మంచి ప్రశ్న. నా సంగతి చెప్తా.

మొదటిది పూర్తిగా ప్లాన్ చేసి కొన్నదే. రూగర్ 10/22, చిన్న .22 తూటా కాల్చే రైఫిల్. 1964 నుంచి తయారవుతున్న మోడల్. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, తూటాలు చవక, కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ దాదాపు తెలియదు. గురి నేర్చుకోవడానికి కావాలని తెలుసు, ఎంత పెట్టాలో తెలుసు, పోయి అదే తెచ్చుకున్నా. ఇప్పుడు మావాడు దాంతోనే నేర్చుకుంటున్నాడు.

ఇంకోటి అప్పటికప్పుడు కొన్నది. క్లీనింగ్ ఆయిల్ కోసం ఒక పాత షాపుకెళ్తే, అద్దాల బీరువాలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 రివాల్వర్ కనపడింది. ఏదో పోలీసు శాఖ మార్చేసుకున్న పాత సరుకు. పైన నీలం పూత హోల్‌స్టర్‌కి ఒరుసుకుని గొట్టం కొస దగ్గర తెల్లబడింది. చెక్క పిడి మీద గీతలు. చూసేవాళ్లకి ముసలి తుపాకీ. నేను అడిగి చేతిలోకి తీసుకున్నా. ఖాళీగా ఉందో లేదో చూసి, సుత్తి మెల్లగా వెనక్కి లాగుతూ సిలిండర్‌లో తూటా కూర్చునే ఒక్కో గదీ గొట్టానికి ఎదురుగా వచ్చి టక్కున ఆగుతోందా లేదా గమనించా. ట్రిగ్గర్ నొక్కిపట్టి సిలిండర్‌ని అటూఇటూ కదిపి చూశా, ఊగలేదు. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు కొలవడానికి షాపాయన దగ్గర ఫీలర్ గేజ్ అడిగి పెట్టి చూశా. గొట్టం లోపల లైటు వేసి తుప్పు గుంటలున్నాయేమో చూశా. పైన అరిగింది గానీ లోపల కొత్తదానిలా ఉంది. పోలీసులు మోసింది ఎక్కువ, కాల్చింది తక్కువ. పది నిమిషాల్లో డబ్బు కట్టేశా.

దీన్ని తొందరపాటు అనను. అలాంటి రివాల్వర్ కావాలని ఏళ్లుగా మనసులో ఉంది, ఏం చూడాలో తెలుసు, ధర ఎంతుండాలో తెలుసు. కనపడింది మాత్రం ఆరోజు. మీరు నిన్న కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు ఇవేవీ మీ దగ్గర లేవు. ఉన్నది భయం, పక్కన సేల్ బోర్డు. మనిద్దరివీ ఒక్క రోజులో జరిగే కొనుగోళ్లే అయినా రెండూ ఒకటి కావు.

అట్లాంటా_అక్క | కమింగ్, జార్జియా

పెన్నా గారు చెప్పినదానికి ఇంకోవైపు నుంచి చెప్తా. నేను మా దగ్గరి షూటింగ్ రేంజ్‌లో ఆడవాళ్ల క్లాసులకి సాయం చేస్తుంటా. మన ఆడపిల్లలు బ్యాగులోంచి తీసే తుపాకీ చూస్తే ఎలా కొన్నారో చెప్పేయొచ్చు. చిన్న .380 పాకెట్ పిస్టల్. భర్తో కౌంటర్ దగ్గరాయనో "చిన్న చేయి కదా, చిన్న గన్ చాలు" అని ఇప్పించి ఉంటారు.

అది కాల్చినప్పుడు తెలుస్తుంది. తుపాకీ ఎంత తేలికైతే దెబ్బ అంత చేతికి తగులుతుంది. పిడి పొట్టిది, చిటికెన వేలికి చోటు ఉండదు. చాలా వాటిలో స్ప్రింగు గట్టిది, పిస్టల్ పైన ఉండే స్లైడ్ వెనక్కి లాగలేక రెండు చేతులూ వణుకుతాయి. నాలుగు రౌండ్లు కాల్చి కింద పెట్టేస్తారు, మళ్లీ రేంజ్ ముఖం చూడరు. ఆ పిస్టల్ అప్పట్నుంచి బీరువాలోనే. ప్రాక్టీసు లేని తుపాకీ, ఇంట్లో పిల్లలు. నాకు అసలు భయం అక్కడే.

వాళ్లకే రేంజ్‌లో కొంచెం పెద్ద 9 ఎంఎం పిస్టల్ ఇస్తే, బరువుండటం వల్ల హాయిగా కాలుస్తారు. స్లైడ్ సులువుగా లాగడానికే చేసినవీ ఉన్నాయి, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ (EZ) లాంటివి. కానీ ఇవి తెలియాలంటే ముందు అద్దెకు తీసుకుని కాల్చాలి. చాలా రేంజ్‌లలో ఒక ఫీజు కట్టి మోడళ్లు మార్చి మార్చి కాల్చనిస్తారు. మీ ఆవిడ కూడా వాడాల్సి వస్తే ఆమె చేతికి సరిపోవాలి. ఆమెను తీసుకెళ్లకుండా కొనొద్దు తమ్ముడూ.

ఎడిసన్_మావయ్య | న్యూజెర్సీ

మా దగ్గర అరగంటలో అనే మాటే లేదు. ముందు ఫైర్ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు. వేలిముద్రలు, మన గురించి చెప్పే మనుషుల పేర్లు, పోలీసుల విచారణ. హ్యాండ్‌గన్‌కైతే ఆ కార్డు కాకుండా విడిగా పర్మిట్, అది కూడా ఒక్కో తుపాకీకి ఒక్కోటి. 2022 తర్వాత శిక్షణ కూడా తప్పనిసరి చేశారు.

కాబట్టి మావన్నీ ప్లాన్ చేసిన కొనుగోళ్లే అనుకుంటారు. కానీ జరిగేది వేరు. పర్మిట్ 90 రోజులే చెల్లుతుంది, అడిగితే ఇంకో 90 రోజులు పొడిగిస్తారు. అనుకున్న మోడల్ స్టాకులో లేదు, గడువు దగ్గర పడుతోంది, పర్మిట్ వృథా అవుతుందని చివరి వారంలో దొరికింది కొనేసేవాళ్లని చాలామందిని చూశా. నెలలు ఆగి, ఆఖరి రోజు తొందరపడటం. ప్రభుత్వం ఆపినంత మాత్రాన మనిషి ఆలోచించినట్టు కాదు.

బేఏరియా_భ్రమరాంబ | ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

మావయ్య గారి మాటకు ఇక్కడి నుంచి సాక్ష్యం. కాలిఫోర్నియాలో ముందు సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి, 30 ప్రశ్నలు. హ్యాండ్‌గన్ అయితే రాష్ట్రం ఒప్పుకున్న జాబితాలో ఉన్న మోడలే డీలర్ కొత్తగా అమ్మాలి. డబ్బు కట్టాక 10 రోజులు ఆగాలి. అయినా జనం మొదటి రోజే మనసుపడి కట్టేస్తారు, మిగతా పదిరోజులూ ఎప్పుడు చేతికొస్తుందా అని ఎదురుచూడటమే.

2020 మార్చి గుర్తుందా? కోవిడ్ మొదలైన ఆ వారాల్లో షాపుల బయట వీధి మలుపు దాకా లైన్లు. అంతకుముందు తుపాకీ ముట్టనివాళ్లు, మన వాళ్లు, చైనీయులు, అందరూ. లోపలికెళ్లాక 10 రోజులాగాలని తెలిసి ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. ఆ లైన్లో ఉన్నవాళ్లు ఏ మోడల్ అని అడగలేదు, ఏముంది అని అడిగారు.

ఓరుగల్లు_ఒహాయో | కొలంబస్

భ్రమరాంబ గారూ, దేశమంతా అదే కథ. ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ వ్యవస్థ 1998 నవంబరులో మొదలైంది. 2020 మార్చి 20న అప్పటిదాకా ఎప్పుడూ లేనంతగా ఒక్కరోజే 2 లక్షల 10 వేలకు పైగా చెక్‌లు జరిగాయి. అంతకుముందు రికార్డు 2017 బ్లాక్‌ఫ్రైడేది, 2 లక్షల 3 వేలు. ఒకటి భయం వల్ల వచ్చిన రోజు, ఇంకోటి డిస్కౌంట్ వల్ల వచ్చిన రోజు. 2020 మొత్తం మీద 3.97 కోట్ల చెక్‌లు. ఒక్కో చెక్ ఒక్కో కొత్త తుపాకీ కాదు, పర్మిట్ల కోసం చేసేవి కూడా అందులో ఉంటాయి. అయినా గాలి ఎటు వీచిందో తెలుస్తుంది.

నేను చెప్పాలనుకున్నది డబ్బు గురించి. సేల్ బోర్డు మీద తుపాకీ ధరే రాస్తారు. ఇంటికి కావాల్సింది లెక్కేస్తే ఒక మంచి 9 ఎంఎం 500-600 డాలర్లు. పిల్లలున్న ఇంట్లో సేఫ్ లేకుండా కుదరదు, పనికొచ్చేది 200 నుంచి 300. చెవులకి మఫ్‌లు, కళ్లద్దాలు, ఒక మొదటి క్లాసు, ఇద్దరికీ అయితే రెండు ఫీజులు. రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ లేన్ ఫీజు, తూటాలు. రౌండు 25 సెంట్లనుకున్నా 200 కాలిస్తే 50 డాలర్లు. ఏడాది తిరిగేసరికి తుపాకీ ధర మొత్తం ఖర్చులో సగం కూడా ఉండదు. డిస్కౌంట్‌లో మిగిలే డబ్బు ఈ లెక్కలో ఎక్కడా కనపడదు. తొందరగా కొన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉంటుంది, మిగతావేవీ ఉండవు.

తూటాల విషయంలోనూ అంతే. 2012 డిసెంబరులో శాండీ హుక్ స్కూల్లో కాల్పులు జరిగాక, 2013లో కొత్త చట్టాలు వస్తాయన్న భయంతో .22 తూటాలు కూడా షాపుల్లో దొరకలేదు. 2020లో 50 రౌండ్ల 9 ఎంఎం డబ్బా పది పన్నెండు డాలర్ల నుంచి నలభై దాటింది. అప్పుడు కొత్త పిస్టల్ కొని, కాల్చి చూడటానికి తూటాల్లేక కూర్చున్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. నెలకి ఒకటో రెండో డబ్బాలు తెచ్చుకునే అలవాటున్న వాళ్లకి ఆ ఏడాది ఏ టెన్షన్ లేదు.

ఒంగోలు_గిత్త | ఫీనిక్స్, అరిజోనా

అందరూ ఆగమనే చెప్తున్నారు. నేను ఒప్పుకోను.

2011 నుంచి 2014 దాకా ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఒహాయో, మిచిగన్, టెక్సస్‌లలో భారతీయుల, ఇతర ఆసియా వాళ్ల ఇళ్లను ఏరుకుని మరీ దోచింది. మన ఇళ్లలో బంగారం, నగదు ఉంటాయని తెలుసు. మనుషులుండగానే లోపలికి దూరి, పిల్లల ముందే పెద్దవాళ్లని కట్టేశారు. దాన్ని నడిపించిన ఆవిడకి మిచిగన్ ఫెడరల్ కోర్టు 37 ఏళ్లు వేసింది. ఇలాంటిది తెలిసి భయపడి కొనేవాణ్ణి తొందరపడ్డాడు అనడం న్యాయం కాదు. కొట్టి వేధించిన మాజీ భర్త తలుపు దగ్గరకొస్తాడని భయపడే ఆడమనిషికి 10 రోజులు అంటే ఎంతో ఆలోచించారా? ప్రమాదం ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుని రాదు. భయం కూడా ఒక కారణమే, న్యాయమైన కారణమే.

పెన్నా_ఒడ్డు | హ్యూస్టన్, టెక్సస్

గిత్త గారూ, చివరి మాట నిజం. భయం న్యాయమైన కారణమే. బెదిరింపు ఉన్న మనిషికి ఈ రాత్రికి ఏం చేయాలన్నదే ప్రశ్న. ఆమెను ఎవరూ తప్పు పట్టరు. అలాంటి పరిస్థితిలో కొంటే కనీసం ఆ రోజే ఎవరైనా తెలిసినవాళ్లు పక్కనుండి రేంజ్‌లో కాల్పించాలి, కోర్టు రక్షణ ఉత్తర్వు, వేరేచోట ఉండటం, తాళాలు మార్చడం కూడా దాంతోపాటే జరగాలి.

కానీ మానేరు గారి ఇల్లు అది కాదు. ఆయన వీధిలో జరిగింది ఎవరూ లేనప్పుడు జరిగిన దొంగతనం. ఎవరూ లేని ఇంట్లో బీరువాలో ఉన్న పిస్టల్ దొంగకి బంగారంతో పాటు దొరికే ఇంకో వస్తువు. ఆ దొంగతనాన్ని ఆపేది బ్యాంకు లాకర్, కెమెరా, అలారం, తలుపు ఫ్రేముకి పొడవు స్క్రూలు. తుపాకీ అవసరమైతే ఉంచుకోండి, అది మనుషులు ఇంట్లో ఉన్నప్పటి సంగతి. ఏ భయానికి ఏ మందో ముందు చూసుకోవాలి.

ఒంగోలు_గిత్త | ఫీనిక్స్, అరిజోనా

బంగారం లాకర్లో పెట్టమన్నది ఒప్పుకుంటా. మిగతాది నా అభిప్రాయం నాది.

డెట్రాయిట్_డాక్టరమ్మ | ట్రాయ్, మిచిగన్

నేను ఎమర్జెన్సీలో పనిచేస్తా. ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఎత్తాలి.

అమెరికాలో తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. 2021లో 48,830 మంది పోతే అందులో 26,328 మంది తమను తాము కాల్చుకున్నవాళ్లే. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కాలిఫోర్నియా మీద పెద్ద అధ్యయనం వచ్చింది. దాదాపు 2.6 కోట్ల మంది వివరాలు చూశారు. మొదటిసారి హ్యాండ్‌గన్ కొన్నవాళ్లలో ఆ ముప్పు కొన్న వెంటనే అన్నిటికంటే ఎక్కువ. అంటే కొందరు దానికోసమే కొంటున్నారు, 10 రోజులు ఆగాల్సి వచ్చినా. అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా ఉంది: తుపాకీతో ఆత్మహత్య చేసుకున్న యజమానుల్లో సగానికి పైగా కొన్న ఏడాది తర్వాతే చేసుకున్నారు. మామూలుగా ఉన్న రోజుల్లో కొన్నది, చెడ్డ రోజు వచ్చినప్పుడు చేతికందే దూరంలో ఉంది.

వెయిటింగ్ పీరియడ్ చట్టాలున్న రాష్ట్రాల్లో తుపాకీ హత్యలు 17 శాతం దాకా తగ్గాయని 2017లో ఇంకో పరిశోధన చెప్పింది. నేను చట్టాల గురించి వాదించను. నా దగ్గరికొచ్చే కుటుంబాలు తెలుసు. ఉద్యోగం పోయి వీసా గడువు నెత్తిమీదున్న కుర్రాళ్లు, విడాకుల మధ్యలో ఉన్నవాళ్లు, కొడుకు కాలేజీలో ఫెయిలైన ఇల్లు. మనవాళ్లు డిప్రెషన్ అనే మాట పైకి అనరు, ఇంట్లోనే దాచేస్తారు. మీరో, మీ ఇంట్లో ఎవరో అలాంటి రోజుల్లో ఉంటే ఇది కొనే సమయం కాదు. ఉన్నది కూడా కొన్నాళ్లు బయట స్నేహితుడి దగ్గరో, దాచిపెట్టే సౌకర్యమున్న షాపులోనో పెట్టండి. మీ రాష్ట్రంలో అది ఎలా చేయాలో షాపువాళ్లే చెప్తారు. అలాంటి ఆలోచనలొస్తే సాయానికి అమెరికాలో 988 నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

మానేరు గారూ, మీ ఆవిడకి రాత్రిళ్లు నిద్ర లేదన్నారు. దాని గురించి ఆమెతో కూర్చుని మాట్లాడండి, కావాలంటే డాక్టర్‌కి చూపించండి. తుపాకీ సంగతి ఆ తర్వాత.

అట్లాంటా_అక్క | కమింగ్, జార్జియా

డాక్టరమ్మ గారూ, ఇది ఎవరో ఒకరు అనాల్సిందే. అన్నందుకు థాంక్స్. మా క్లాసులో ఇకనుంచి నేను కూడా చెప్తా.

కొత్తవీసా_కుర్రాడు | షార్లెట్, నార్త్ కరోలినా

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నేను హెచ్1బీ మీద ఉన్నా. మా రూమ్మేట్ అంటాడు, వేట లైసెన్సు ఆన్‌లైన్‌లో తీసుకుని సాయంత్రానికల్లా గన్ కొనుక్కోవచ్చని. సెలవుల సేల్స్ కూడా వస్తున్నాయి. నిజమేనా?

ఎడిసన్_మావయ్య | న్యూజెర్సీ

బాబూ, సేల్ అనే మాట పక్కనపెట్టి ఇది జాగ్రత్తగా చదువు.

ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 అన్నీ దాని కిందికే వస్తాయి. మినహాయింపుల్లో ఒకటి నిజంగానే వేట లైసెన్సు. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. మీ రూమ్మేట్ చెప్పినదాంట్లో అంతవరకు నిజం. కానీ లైసెన్సు గడువు అయిపోయిన మర్నాడు ఆ తుపాకీ నీ గదిలో ఉంటే అది ఫెడరల్ నేరం. దానికితోడు రాష్ట్ర చట్టాలు వేరే. తుపాకీ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదొక ప్రత్యేక కారణం. ఐ140, ప్రయారిటీ డేట్ అంటూ గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి లైన్లో నిలబడ్డది అంతా పోతుంది. కొనాలనే ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి మాట్లాడు.

గ్రీన్‌కార్డున్న స్నేహితుణ్ణి నీ కోసం కొనమని డబ్బివ్వడం అసలు చేయకు. కొనేటప్పుడు షాపులో నింపే 4473 ఫారంలో అసలు కొనేది మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే నేరం. 2022లో వచ్చిన చట్టం ఇలా ఇంకొకరి కోసం కొనడాన్ని విడిగా నేరం చేసింది, 15 ఏళ్ల దాకా జైలు. అసలు తుపాకీ కావాల్సిన మనిషికి చట్టప్రకారం అర్హత ఉన్నా, ఫారంలో ఆ అబద్ధం నేరమేనని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మానేరు గారూ, మీ ఆవిడకి కూడా గ్రీన్‌కార్డు వచ్చిందా? ఇంకా హెచ్4 మీదుంటే సేఫ్ తాళం ఆమెకి తెలియడం కూడా చిక్కే. అది చూసుకోండి.

మానేరు_తీరం | ఫ్రిస్కో, టెక్సస్

ఇద్దరికీ ఒకేసారి వచ్చింది మావయ్య గారూ.

పెన్నా_ఒడ్డు | హ్యూస్టన్, టెక్సస్

అయితే చిన్న విషయం. డ్రైవర్ లైసెన్సు మీద ఇప్పుడున్న ఇంటి అడ్రసే ఉండాలి. అపార్ట్‌మెంట్ నుంచి ఇంటికి మారి లైసెన్సు మార్చుకోనివాళ్లు మనలో చాలామంది. 4473లో గ్రీన్‌కార్డు వాళ్లు కార్డు మీదుండే ‘ఏ-నంబరు’ (A-Number) కూడా రాయాలి, కార్డు తీసుకెళ్లండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో మన పేర్లకి అప్పుడప్పుడు డిలే అని వస్తుంది, కంగారు పడొద్దు. 3 పనిదినాల్లో ఏ జవాబూ రాకపోతే ఇవ్వాలో వద్దో డీలర్ ఇష్టం.

ఇంకోటి. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ చిక్కేలా వదిలేస్తే అది మీ మీద కేసు. డీలర్ పెట్టెలో ఒక కేబుల్ తాళం ఇస్తాడు, 4 ఏళ్ల బాబున్న ఇంటికి అదొక్కటే సరిపోదు.

నల్లమల_నీడ | కర్నూలు

ఇక్కడి నుంచి చదువుతున్నా. మాది పాత లైసెన్సు, నాన్నగారి నుంచి వచ్చిన రెండు గొట్టాల తుపాకీ. మీ అరగంట మాట ఇక్కడ ఊహకందదు. దరఖాస్తు, స్టేషన్ నుంచి విచారణ, పైఅధికారుల సంతకాలు. ఎందుకు కావాలో కారణం చూపించాలి. 2016 నిబంధనల నుంచి శిక్షణ తీసుకున్నట్టు కాగితం కూడా అడుగుతున్నారు. 2019 సవరణతో ఒక మనిషికి రెండే ఆయుధాలు. అంతకుముందు మూడుండేవి, మూడోది అప్పగించాల్సి వచ్చింది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకుంటాం.

ఇక్కడ మనసుపడి కొనడం అనేది లేదు. కానీ లైసెన్సు కోసం తిరిగేవాళ్లలో హోదా కోసం తిరిగేవాళ్లే ఎక్కువ. కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ లక్ష దాటినా కొంటారు, జీవితంలో ఒక్కసారి కూడా కాల్చరు. ఏళ్లు పట్టిన కొనుగోలు కదా, అది ఆలోచించి చేసిందే అనుకోవాలా?

ఓరుగల్లు_ఒహాయో | కొలంబస్

నల్లమల గారి ప్రశ్నకి జవాబు నాకు స్పష్టంగా ఉంది. కాదు. కొన్న తర్వాత దాంతో ఏం చేశారన్నదే కొలత. ఎన్నాళ్లు ఆలోచించారన్నది కాదు.

ఇటీవలి ఉదాహరణ సప్రెసర్లు, అంటే తుపాకీ చప్పుడు తగ్గించడానికి గొట్టం కొసకి బిగించేవి. 1934 చట్టం నుంచి వాటి మీద 200 డాలర్ల పన్ను ఉండేది, ఆమోదం రావడానికి నెలలు పట్టేది. ఈమధ్య ఆమోదాలు రోజుల్లో వస్తున్నాయి, 2026 జనవరి 1 నుంచి పన్ను సున్నా చేశారు. నెలలు ఆగాల్సిన రోజుల్లోనూ కొందరు పోస్టర్ చూసి కొన్నారు, ఇప్పుడు రోజుల్లో వస్తున్నా కొందరు తమ రైఫిల్‌కి ఏది సరిపోతుందో చదివే కొంటున్నారు. గడువు మారింది, మనుషులు మారలేదు.

సిద్దిపేట_సియాటిల్ | బోథెల్, వాషింగ్టన్

మా దగ్గర 2024 నుంచి 10 పనిదినాలు ఆగాలి, శిక్షణ తీసుకున్న రుజువు చూపించాలి. నాకైతే ఆ శిక్షణ నియమం ఎక్కువ ఉపయోగపడింది. క్లాసులో కాల్చి చూశాక నా మనసులో ఉన్న మోడల్ మార్చుకున్నా.

ఇంకో కోణం చెప్తా. వచ్చే ఏడాది హైదరాబాద్ వెళ్లిపోతున్నాం. తుపాకీలు పట్టుకుపోలేం, అమ్మాలి. అమ్మడానికి కూర్చుంటే తేడా తెలుస్తోంది. అందరికీ తెలిసిన, చూసి ఎంచుకున్న మోడల్‌కి ఫోన్లు వస్తున్నాయి. సరదాకి కొన్న వింత క్యాలిబర్ (తూటా సైజు) దాన్ని షాపువాళ్లు సగం ధరకి కూడా వద్దంటున్నారు. ఎప్పుడో ఒకరోజు ఇండియా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు తక్కువే కొనండి. మా రాష్ట్రంలో మనుషుల మధ్య అమ్మకమైనా డీలర్ ద్వారానే జరగాలి. ఆ నియమం లేని రాష్ట్రాల్లో కూడా అలాగే చేయండి, ఎవరి చేతికి పోయిందో కాగితం ఉంటుంది.

మానేరు_తీరం | ఫ్రిస్కో, టెక్సస్

అందరి మాటలూ మా ఆవిడ పక్కన కూర్చుని చదివింది. డాక్టరమ్మ గారి పోస్టు చదివాక చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆమె భయం దొంగల గురించే కాదట, నేను ఆఫీసు పని మీద ఊరెళ్లే రోజుల గురించి. అది నాకు తెలియదు.

ఇప్పటికి అనుకున్నది ఇదీ. బంగారం సోమవారం బ్యాంకు లాకర్‌కి పోతుంది. అలారం వాడు గురువారం వస్తాడు. ఇద్దరం కలిసి మొదటి క్లాసుకి పేరిచ్చాం, ఆడవాళ్లకి విడిగా గంట ఉందట. అద్దె గన్లతో కాల్చి చూశాక ఆమెకి వద్దనిపిస్తే కొనం. కొంటే సేఫ్ ముందు ఇంట్లోకి రావాలి, తుపాకీ తర్వాత. మా బెడ్‌రూమ్ క్లోజెట్‌లో నేలకి బోల్టు వేసి బిగించే సేఫ్ ఒకటి చూశా. డ్రిల్ మిషన్ నా దగ్గరే ఉంది, నేనే వేసుకోవచ్చా?

గిత్త గారూ, మీరు చెప్పింది కూడా మర్చిపోలేదు. ఆ ముఠా కేసు గురించి తెలియదు.

పెన్నా_ఒడ్డు | హ్యూస్టన్, టెక్సస్

డ్రిల్ పెట్టకముందు గ్యారేజీ నేల మీద చూడండి. డాలస్ వైపు కొత్త ఇళ్లలో చాలావరకు పోస్ట్‌టెన్షన్ స్లాబులే, నేలలో బాగా బిగించిన ఉక్కు కేబుళ్లు ఉంటాయి. అలాంటి ఇంటికి గ్యారేజీ కాంక్రీటు మీద ముద్ర వేసి ఉంటుంది, కోయొద్దు, డ్రిల్ చేయొద్దు అని. ఆ కేబుల్‌కి డ్రిల్ తగిలిందంటే తెగి పైకి ఎగిరి రావొచ్చు, మనిషికీ ప్రమాదం, స్లాబుకీ నష్టం. ముద్ర ఉంటే సేఫ్‌ని గోడలో చెక్క స్టడ్లకి పెద్ద ల్యాగ్ స్క్రూలతో బిగించండి, లేదా స్కాన్ చేసేవాణ్ణి పిలిపించి కేబుళ్లు ఎక్కడున్నాయో గీతలు గీయించుకుని అప్పుడు వేయించండి. ముద్ర ఫొటో పెట్టండి, చూసి చెప్తా.